మడత చాకులు తయారుచేసేవారికి, అమ్మేవారికి కడియపులంక నుంచి ఒక బహిరంగ లేఖ

అయ్యా,

నేను రాజమండ్రి దగ్గర కడియపులంక నర్సరీల్లో అంట్లు కట్టే పనివాణ్ని, అంటే ఒక మొక్క పుల్లను ఇంకో మొక్కకు అతికించేవాణ్ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. సాయంత్రం పూట మా లైనులో వాళ్ల చాకులకు సాన కూడా పడతాను కాబట్టి, ఏడాదికి ఎన్ని రకాల మడత చాకులు నా చేతి మీదుగా పోతాయో లెక్క లేదు. మంచి చాకు పదేళ్లు అన్నం పెడుతుంది. అలాంటివి చేసినవాళ్లు మీలో ఉన్నారు, వాళ్లకు దణ్ణం. ఈ లేఖ మిగతావాళ్ల కోసం.

మొన్న జూన్‌లో, మామిడి అంట్ల సీజన్ మొదలవబోతుంటే, మా జట్టు ఆరుగురికీ ఆరు మడత చాకులు కొన్నాం. ఒక్కొక్కటి 640 రూపాయలు. పెట్టె మీద 'గ్రాఫ్టింగ్, బడ్డింగ్ పనికి ప్రత్యేకం' అని ఉంది. గ్రాఫ్టింగ్ అంటే పుల్లతో అంటు కట్టడం, బడ్డింగ్ అంటే బెరడు కింద ఒక్క మొగ్గను దింపి కట్టడం. ఆరింటిలో రెండు బాగున్నాయి. రెండింటి అలుగు, అంటే కోసే బద్ద, మూస్తే పిడి లోపలి రేకును ఒరుసుకుంటోంది. ఇంకొకదానికి అలుగును నూరడంలోనే తేడా ఉంది. ఆరోదానికి రెండు రోగాలూ ఉన్నాయి.

కొన్న కొట్టుకు తీసుకెళ్తే "కత్తన్నాక ఆమాత్రం ఉంటుందండీ, వాడగా వాడగా అదే సర్దుకుంటుంది" అన్నారు. కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫొటోలతో మూడుసార్లు రాశాం. మొదటిసారి 'మీ ఫిర్యాదు అందింది' అన్నారు. రెండోసారి 'ఇది అందానికి సంబంధించిన విషయం, పనితీరుకు కాదు, కాబట్టి వారంటీ వర్తించదు' అని జవాబిచ్చారు. మూడోసారి జవాబే లేదు. ఆ కంపెనీ పేరు, కొట్టు పేరు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే ఇది ఒక్కరి తప్పు కాదు. వేరే వేరే మార్కులు కొన్న పక్క నర్సరీల వాళ్లు కూడా ఇవే లోపాలున్న చాకులు పట్టుకుని నా సానరాయి దగ్గరికి వస్తున్నారు.

'అందానికి సంబంధించిన విషయం' అన్నారు కదా. ఆ మాటకే ఈ జవాబు.

1. ముందు అలుగు వంకరగా కూర్చోవడం గురించి. మడత చాకు మూసి మొన దగ్గర చూస్తే, అలుగుకు రెండు పక్కలా ఖాళీ సమానంగా కనబడాలి. మావాటిలో మొన వెళ్లి ఎడమ రేకుకు ఆనుకుంటోంది. తీసినప్పుడల్లా, వేసినప్పుడల్లా ఒరుసుకుని రేకు మీద గీత పడింది. మొన దగ్గర అర అంగుళం మేర పదును చచ్చిపోయింది. గులాబీ బడ్డింగ్‌లో బెరడు మీద టి ఆకారంలో గాటు పెట్టేది సరిగ్గా ఆ అర అంగుళంతోనే. రోజుకు వందలసార్లు తీసి మూసే చాకు అది. సర్దుకోవడం అంటూ జరిగితే పదును అరిగిపోయి సర్దుకోవాలి తప్ప ఇంకో దారి లేదు.

మీ ఇంజనీర్లకు నేను చెప్పేదేముంది అనుకుంటూనే ఈ లెక్క రాస్తున్నాను. అలుగు తిరిగే ఇరుసు దగ్గర వాషర్ వెడల్పు 8 మిల్లీమీటర్లు అనుకోండి. అక్కడి నుంచి మొనకు 70 మిల్లీమీటర్లు. వాషర్ ఒక అంచున 0.1 మిల్లీమీటరు, అంటే ఒక కాగితం మందం, ఎత్తుగా ఉంటే అది మొన దగ్గరికి వచ్చేసరికి దాదాపు 0.9 మిల్లీమీటరు అవుతుంది. జేబులో పట్టే సన్నపాటి చాకుల్లో ఒక పక్క ఖాళీ అంత కూడా ఉండదు. వాషర్ ఒక్కటే కాదు. ఇరుసు రంధ్రం నిట్టనిలువుగా పడకపోయినా, రేకు కొంచెం వంగినా, రివెట్టును ఒక పక్క ఎక్కువ కొట్టినా, తెరిచిన అలుగును కదలకుండా ఆపే లాక్ స్ప్రింగ్ దాన్ని ఒక పక్కకు నెట్టినా ఇదే జరుగుతుంది. ఇవన్నీ బిగింపు దగ్గర ఒక మనిషి ఒక్క క్షణం చూస్తే దొరికిపోయేవే.

ఒక మాట ఒప్పుకుంటాను. అలుగు కాస్త పక్కకు ఉన్నా రేకును తాకకపోతే అది నిజంగా చూపుకు సంబంధించిన విషయమే. దానికి చాకు వెనక్కిచ్చేవాళ్లను చూశాను, నాకు నచ్చదు. మేం అడుగుతున్నది తాకేవాటి గురించి.

2. ఇక నూరుడు. అంటు చాకు సంగతి తెలియనివాళ్లకు ఇక్కడ కొంచెం చెప్పాలి. మామూలు చాకుకు రెండు వైపులా పదును అంచు వైపు పలచబడే వాలు ఉంటుంది. అంటు చాకుకు ఒకవైపే వాలు, రెండోవైపు అద్దంలా చదునుగా ఉండాలి. అది లోపం కాదు, కావాలనే అలా చేస్తారు. చదును వైపు పుల్లకు ఆనించి లాగితే కోత రంపం మిల్లులో కోసిన చెక్కలా తిన్నగా వస్తుంది. మావాటిలో లోపమల్లా ఆ చదును వైపు చదునుగా లేకపోవడమే. నల్ల మార్కర్‌తో ఆ వైపంతా పూసి, మట్టసంగా ఉన్న సానరాయి మీద నాలుగుసార్లు నెట్టి చూశాను. అంచున, వెన్ను దగ్గర సిరా పోయింది. మధ్యలో ఒకచోట చింతగింజంత మేర అలాగే నల్లగా ఉండిపోయింది. అంటే అక్కడ గుంట. ఆరో చాకుకు గుంటకు బదులు మొన దగ్గర బొడిపె.

రెండు వైపుల వాలున్న చాకుల్లో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. ఒక వైపు వాలు పైనుంచి మొదలవుతుంది, రెండో వైపు సగం నుంచి. పదును అంచు అలుగు మందానికి నడిమిన కాకుండా ఒక పక్కకు జరుగుతుంది. అలాంటి చాకుతో అరటి దవ్వ కోసినా కోత ఒక పక్కకు లాగేస్తుంది. పదును గీతలో చిన్న తేడా అయితే నాలుగైదు సానల్లో ఒక పక్క ఎక్కువ పట్టి సరిచేయగలను. వాలులోనే తేడా ఉంటే మాత్రం అలుగంతా మళ్లీ నూరాలి. అది నా సానరాయి మీద అయ్యే పని కాదు, మీ ఫ్యాక్టరీలో అవ్వాల్సిన పని.

3. ఈ రెండూ వేరు వేరు జబ్బులని మీరు అనుకుంటే పొరపాటు. అలుగును గట్టిపరచక ముందే ఒక వైపు ఎక్కువ నూరేస్తే, కాల్చి నూనెలో ముంచినప్పుడు పలచటి వైపు, మందం వైపు ఒకేలా చల్లారవు. అలుగు వంగుతుంది. వంగిన అలుగును ఎంత మంచి ఇరుసులో బిగించినా నడిమికి కూర్చోదు. అందుకే మా సాన దగ్గర ఒక అలవాటు. వంకర అని ఎవరైనా చాకు తెస్తే ముందు ఇరుసు విప్పం. తెరిచి, పదును పైకి పెట్టి, ఒక కన్ను మూసి పిడి వెంట చూస్తాం. అలుగు తిన్నగా ఉండి మొత్తంగా ఒక పక్కకు ఒరిగితే తప్పు ఇరుసుది. మొదలు తిన్నగా ఉండి మొన వైపు తిరిగిపోతే అలుగే వంగింది. రెండు వైపుల వాలున్న చాకులో వెన్ను తిన్నగా ఉండి పదును గీత ఒక్కటే పక్కన ఉంటే నూరుడు తప్పు. ఈ చూపుకు యంత్రం అక్కర్లేదు.

4. దీనివల్ల మాకేం పోతుందో చెబుతాను. ఈ లేఖలో మీరు ఒక్క భాగమే చదివే తీరిక ఉంటే, ఇదే చదవండి.

మామిడిలో సాఫ్ట్‌వుడ్ గ్రాఫ్టింగ్ ఎలా కడతామంటే, వేరుమొక్క, అంటే అడుగున వేళ్లతో ఉండే మొక్క, తల కోసి, కాండాన్ని నడిమికి నాలుగైదు సెంటీమీటర్లు చీలుస్తాం. సయాన్ పుల్ల, అంటే మంచి రకం చెట్టు నుంచి తెచ్చి అతికించే పుల్ల, అడుగును రెండు వైపులా గొడ్డలి అంచులా చెక్కి ఆ చీలికలో దింపి, పాలిథిన్ రిబ్బన్‌తో బిగించి కడతాం. బెరడు కింద పచ్చటి పలచటి పొర ఉంటుంది. పుల్ల పొర, వేరుమొక్క పొర ఒకదాన్నొకటి తాకితేనే అతుకుతుంది. చెక్కిన ముఖం తిన్నగా లేకపోతే మధ్యలో ఖాళీ ఉండిపోతుంది. పైన రిబ్బన్ కట్టేశాక ఆ ఖాళీ ఎవరికీ కనబడదు. పుల్ల చిగురు వేస్తుందో ఎండుతుందో తేలడానికి రెండు మూడు వారాలు పడుతుంది.

ఆ ఆరో చాకు మా జట్టులో ఒక అక్క చేతికి వచ్చింది. మాలో ఆమెదే మంచి చెయ్యి. నూటికి ఎనభై పైన అతకడం ఆమెకు మామూలు. ఈ జూలైలో కట్టిన మొదటి విడతలో సగం కూడా అతకలేదు. ఆమె కట్టిన పుల్లలూ మా చెట్టువే, వేరుమొక్కలూ అదే మడిలోవి. మా మొక్కలు చిగురేశాయి, ఆమెవి ఎండాయి. మాకు కూలి అతికిన అంటుకే. యజమాని చెడ్డవాడు కాదు కానీ ఒకమాట అననే అన్నాడు: "ఏమ్మా, చెయ్యి వణుకుతోందా?" ఆమె నిజంగానే తన చెయ్యి వణుకుతోందనుకుంది. వయసు యాభై దాటింది, షుగర్ ఉంది, అందుకే అయుంటుందని తనకు తానే చెప్పుకుంది. పని మానేసి కుండీల్లో మట్టి నింపే పనికి వెళ్తానని కూడా అంది. మూడు వారాల తర్వాత పదును పోయిందని చాకు నాకిస్తే, మార్కర్ పూసి చూస్తే, అప్పుడు బయటపడింది ఆ బొడిపె. నా పాత చాకు ఆమెకిచ్చాను. తర్వాతి విడత మళ్లీ ఎప్పటిలాగే చిగురేసింది.

చాకుకు 640 రూపాయలు పోతే పోయాయి. ఆ మూడు వారాల కూలి ఆమెకు ఎవరిస్తారు? ఎండిన వేరుమొక్కల ఖర్చు యజమానికి ఎవరిస్తారు? మంచి పనిమనిషికి తన చేతిమీద తనకే నమ్మకం పోయింది కదా, అది ఏ వారంటీలోకి వస్తుంది?

5. వేళ్లు తెగుతున్నాయి. అలుగు ఒరుసుకుంటుంటే మావాళ్లు చేసే మొదటి పని ఇరుసు స్క్రూ వదులు చేయడం. వదులు చేస్తే ఒరుపు తగ్గుతుంది, నిజమే, కానీ అలుగు ఊగుతుంది. లాక్ పళ్లెం పూర్తిగా కూర్చోదు. పుల్ల మీద ఒత్తి లాగేటప్పుడు అలుగు వేళ్ల మీదికి మూసుకుంటుంది. మా లైనులో ఒక కుర్రాడికి చూపుడు వేలికి నాలుగు కుట్లు పడ్డాయి. బిగిస్తే ఒరుపు, వదిలేస్తే గాయం. ఈ రెండింటి మధ్య మమ్మల్ని నిలబెట్టింది మీరు.

6. రివెట్టు వేసిన చాకులకైతే ఆ వదులు చేసుకునే దారి కూడా లేదు. పైగా మామిడి జీడి, సపోటా పాలు ఇరుసులోకి దిగి గడ్డకడతాయి. విప్పి కడిగే వీలుండదు. స్క్రూ పెట్టినవాళ్లేమో నక్షత్రం ఆకారం తలకాయ ఉన్న బుల్లి స్క్రూలు పెట్టారు. దానికి సరిపడే స్క్రూడ్రైవర్ కోసం రాజమండ్రి వెళ్లాల్సి వచ్చింది.

7. ఇది నర్సరీల గోడు ఒక్కటే కాదు. ఈ గోదావరి డెల్టాలో మడత చాకు లేని రొంటి తక్కువ. అంతర్వేది వైపు పడవల్లో నైలాన్ తాళ్లు, వలలు కోసేది దీంతోనే. భీమవరం చుట్టుపక్కల చెరువుల మీద మేత బస్తాలు కోసేది దీంతోనే. ఉప్పు గాలికి, ఉప్పు నీటికి, ఒరుసుకుని గీతపడ్డ చోటే ముందు తుప్పు పడుతుంది. పడవలో తాడు కాలికి చుట్టుకున్నప్పుడు ఇరుక్కుపోయి తెరుచుకోని చాకు ఎందుకు పనికొస్తుందో మీరే చెప్పండి.

మీరు చెప్పే సమాధానం నాకు తెలుసు. చేత్తో చేసే పనిలో కొద్దిపాటి తేడా తప్పదంటారు. కొలిమి దగ్గర కమ్మరి కొట్టిన కత్తికి ఆ మాట ఒప్పుకుంటాను. ఆయన చెప్పే ధరా అంతే ఉంటుంది, తేడా ఉంటే మన కళ్ల ముందే ఆకురాయి పట్టి సరిచేసి ఇస్తాడు. ఫ్యాక్టరీలో చేసి, పెట్టెలో పెట్టి, 'ప్రత్యేకం' అని అచ్చేసి అమ్మేవాళ్లకు ఆ మాట చెప్పే హక్కు లేదు.

అందువల్ల మేం అడుగుతున్నవి ఇవి:

1. మూసినప్పుడు అలుగు రేకును తాకే ఏ చాకూ పెట్టెలోకి ఎక్కకూడదు. తాకితే అది లోపమేనని వారంటీ కాగితం మీద తెలుగులో రాయండి.

2. అంటు చాకు అని అమ్మేదాని చదును వైపును రాయి మీద మట్టం చూసి పంపండి. మార్కర్ పరీక్షకు అర నిమిషం పట్టదు.

3. ఇరుసుకు మామూలు స్క్రూడ్రైవర్‌తో తిరిగే స్క్రూ పెట్టండి. ప్రత్యేకమైన స్క్రూయే పెడతామంటే దాన్ని తిప్పే పనిముట్టు పెట్టెలోనే ఇవ్వండి. అదనంగా రెండు వాషర్లు కూడా ఇస్తే మీ సొమ్మేం పోదు.

4. ఎడమచేతి వాటం వాళ్లకు వాలు రెండో వైపున ఉన్న చాకులు మన కొట్లలో దొరికేలా చూడండి. మా లైనులోనే ముగ్గురున్నారు. కుడిచేతి చాకుతో తంటాలు పడుతూ, తమదే చేతగానితనమని నమ్ముతున్నారు.

5. కొట్ల వాళ్లకు: కొనేముందు చాకు తెరిచి, మూసి, వెలుతురులో పెట్టి చూసుకోనివ్వండి. 'సీలు తీస్తే వెనక్కి తీసుకోం' అనే బోర్డు చాకులు అమ్మే బల్ల మీద నుంచి తీసేయండి. సీలు తీయకుండా ఈ లోపం ఎవరికీ కనబడదు.

6. శిక్షణ ఇచ్చి కిట్లు పంచే సంస్థలకు: టోకున కొనేటప్పుడు పెట్టెకు రెండు చొప్పునైనా విప్పి చూడండి. కొత్తగా పని నేర్చుకునేవాళ్ల చేతికి వంకర చాకు వస్తే వాళ్లు తప్పు తమదనే అనుకుంటారు, చాకుదని వాళ్లకెలా తెలుస్తుంది?

7. నాతోపాటు సాన పట్టే అన్నదమ్ములకూ ఒక మాట. నూరుడు తేడాను సరిచేస్తామని కరెంటు చక్రం మీద నీళ్లు లేకుండా ఒత్తకండి. అంచు నీలం రంగుకు తిరిగిందంటే అక్కడ 300 డిగ్రీల దాకా వేడెక్కి ఉక్కు గట్టితనం పోయినట్టే. తర్వాత ఎంత పదును పెట్టినా ఒక పూట నిలవదు. ఆ పాపం కంపెనీ మీద వేయలేం.

8. మాకు ఆ నాలుగు చాకులు మార్చి ఇవ్వండి. లేదా డబ్బు వెనక్కి ఇవ్వండి.

చట్టం సంగతి కూడా కనుక్కున్నాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సరుకు నాణ్యతలో ఏ లోపమైనా లోపమే, అందానిదని, పనితీరుదని అందులో విడదీయలేదు. పనిముట్టు కొన్నవాడు వ్యాపారి కింద లెక్క, వినియోగదారు కాదు అని కొట్టాయన అన్నారు. స్వయంగా పని చేసుకుని బతకడానికి కొన్నది వ్యాపారం కిందికి రాదని అదే చట్టంలో ఉంది. ఫిర్యాదుకు రెండేళ్ల గడువుంది. 5 లక్షల రూపాయల లోపు కొన్నవాటికి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫీజు కూడా లేదు. ముందు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి చెప్పుకోవచ్చు. పెట్టె మీద తయారీదారు పేరు, చిరునామా, ఫిర్యాదు చేయాల్సిన వివరాలు ఉండాలని 2011 ప్యాకేజీ సరుకుల నిబంధనలు చెబుతున్నాయి. ఆ వివరాల్లో ఉన్న నంబరుకు ఫోన్ ఎత్తాలని కూడా వేరే నిబంధన కావాలా అని మా జట్టులో ఒకడు అడిగాడు.

కోర్టుల చుట్టూ తిరగడం మాకు సరదా కాదు. ఒక రోజు రాజమండ్రి వెళ్తే ఒక రోజు కూలి పోతుంది. అందుకే 30 రోజులు ఆగుతాం. ఈలోపు జవాబు రాకపోతే ఆరుగురం కలిసే ఫిర్యాదు వేస్తాం.

నాలుగు చాకులూ, బిల్లూ, మార్కర్ పూసి తీసిన ఫొటోలూ నా దగ్గరే ఉన్నాయి. ఆరో చాకుకు సాన పట్టలేదు, ఆ బొడిపె అలాగే ఉంచాను. మీ మనిషిని ఎవరినైనా ఒక పొద్దున మా షెడ్డుకు పంపండి. ఆ చాకుతో ఒక పుల్ల చెక్కమనండి, పక్కనే నా చాకుతో ఇంకొకటి చెక్కమనండి. రెండూ వెలుతురుకు ఎదురుగా పెట్టి ఆయన్నే చూడమనండి. టీ మేం ఇప్పిస్తాం.

ఇట్లు,
కడియపులంక నర్సరీ లైనులో అంట్లు కట్టే ఒక పనివాడు,
జట్టులోని మిగతా అయిదుగురి తరఫున కూడా